మూడు మిల్లీమీటర్ల రింగు

ఆమె పనిచేసేది లేతు మిషను మీద. అందుకని వీధిలో అందరూ లేతక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని ఎవరో లేత మనిషి కాబోలనుకుని లోపలికి తొంగిచూస్తారు. లోపల నలభై ఎనిమిదేళ్ళ మనిషి, జుట్టంతా గుడ్డలో బిగించి కట్టుకుని, మోచేతుల దాకా నూనె మరకలతో, గిర్రున తిరుగుతున్న ఇత్తడి కడ్డీ మీద చూపు నిలిపి ఉంటుంది. పని మధ్యలో పలకరిస్తే పలకదు. మిషను ఆగాకే మాట.

ఆమె దుకాణానికి ఎదురుగా నాది జిరాక్సు కొట్టు. నేనిప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత కళ్ళారా చూసింది, ఎక్కువ భాగం ఆమె చెప్పింది, మిగిలింది వాళ్ళాయన చెప్పింది. వాళ్ళాయన చెప్పినదాంట్లో కాస్త తగ్గించే చెబుతున్నాను. ఆయనకు నవ్వించే గుణం ఎక్కువ.

లేతు పని ఆమెకు మేనమామ నేర్పాడు. ఆయనది నీళ్ళ పంపుల సామాను చేసే చిన్న వర్క్‌షాపు. పదో తరగతి అయ్యాక, ఊరికే ఇంట్లో కూర్చోవడమెందుకు, వచ్చి ఫోన్లు ఎత్తమన్నాడు. రెండు నెలలు తిరక్కుండానే పిల్ల ఫోను వదిలేసి మిషను దగ్గర నిలబడింది. ఆయన పోయాక ఆ మిషను ఆమెకు వచ్చింది. కట్టుకున్నాయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. వీధికి ఆయన కళ్ళద్దాలాయన. ఒకరోజు ఆయన పాత సామాన్లవాడి బండిలో ఒక ఇత్తడి గొట్టం చూసి, దాని రెండు చివర్లా ఉన్న దళసరి గాజుకు ముచ్చటపడి ఇంటికి తెచ్చాడు. అది సినిమా ప్రొజెక్టరు లెన్సు. హాళ్ళన్నీ కొత్త మిషన్లకు మారాక ఇలాంటివి తూకానికి పోయాయి. పక్క వీధి స్టూడియో ఆయన అది చూసి, దీన్ని నా కెమెరాకు బిగించగలవా అని లేతక్కను అడిగాడు. అక్కణ్ణుంచి మొదలైంది ఈ పని.

అది చెప్పినంత తేలిక కాదు. కెమెరా లెన్సుకు ఉండేవేవీ ప్రొజెక్టరు లెన్సుకు ఉండవు. వెలుతురు తగ్గించే రెక్కలుండవు, దగ్గరికీ దూరానికీ తిప్పుకునే ఏర్పాటుండదు, కెమెరాకు తగిలించే అంచుండదు. బొమ్మను బయటికి విసరడమొక్కటే దాని పని. అలాంటిదానిచేత బయటి బొమ్మను లోపలికి తెప్పించాలంటే, ఒకదానిలో ఒకటి తిరిగే రెండు మరల గొట్టాలు చేసి, లెన్సును వాటిలో కూర్చోబెట్టాలి. తిప్పినకొద్దీ లెన్సు ముందుకూ వెనక్కీ జరుగుతుంది. ముందుకు వస్తే దగ్గరి వస్తువులు స్పష్టమవుతాయి. వెనక్కి, అంటే కెమెరా లోపలికి దిగితే దూరపువి. ఇంత తంటా ఎందుకంటే, ఆ లెన్సుతో తీసిన ఫోటోలో మనిషి ముఖం మధ్యలో చక్కగా నిలబడుతుంది, వెనకున్న ఆకులూ నీళ్ళ మెరుపులూ సుడి తిరిగినట్టు దాని చుట్టూ చేరతాయి. ఆ సొగసు ఇంకే లెన్సుకూ రాదంటారు తెలిసినవాళ్ళు. నాకంత తెలియదు గానీ, చూస్తే కాసేపు చూపు తిప్పుకోలేం.

లేతక్క పనిమంతురాలే కానీ పుట్టు భయస్తురాలు. తాళం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి లాగిచూస్తుంది. మళ్ళీ వీధి మలుపు దాకా వెళ్ళి ఆగుతుంది. ఒక్కోసారి నేనే నా కొట్లోంచి చెయ్యెత్తి, పడింది, పడింది అని సైగ చేసేవాణ్ణి. మన దుకాణం తాళాన్ని దొంగలు లాగింది లేదు, ఇన్నేళ్ళూ లాగింది మా ఆవిడొక్కతే అనేవాడు కళ్ళద్దాలాయన. ఫోను మోగితే ఆమెకు ముందు గుండె దడ, తరువాతే హలో.

ఆ ఏడాది వానలు వెనకబట్టే రోజుల్లో ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఒక పత్రికాఫీసులో ఫోటోలు తీస్తుంది. సంచిలోంచి పాత టవల్లో చుట్టిన లెన్సు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ళ మేనత్త ఒక సినిమా హాల్లో టికెట్లు అమ్మేదట. హాలు మూసేసిన రోజు, గుర్తుగా ఏం కావాలో తీసుకొమ్మంటే ఈ లెన్సు అడిగి తెచ్చుకుందట. అప్పట్నుంచీ అది వాళ్ళింట్లో కరెంటు బిల్లుల మీద బరువుగా ఉంది.

ఆ అమ్మాయికి దాంతో ఒక పని ఉంది. రెండున్నర గంటల దూరంలో ఒక నది రేవు. అక్కడ నలభై ఏళ్ళుగా తిరిగే లాంచి, పక్కనే వంతెన పూర్తవడంతో, వచ్చే ఆదివారంతో ఆగిపోతుంది. అందరూ వంతెన ఫోటోలు తీస్తారు, నేను లాంచి మనుషుల ముఖాలు తీస్తాను, వెనక నీళ్ళు మెరుస్తూ సుడి తిరగాలి అంది. కెమెరా ఆఫీసుది. బయటి లెన్సులు దానికి తగిలించకూడదని ఆఫీసులో నియమం. ఆ సంగతి గొంతు తగ్గించి చెప్పింది.  వద్దులే తల్లీ అందామని లేతక్కకు నోటి దాకా వచ్చింది. కానీ లెన్సును వెలుతురు కేసి పట్టి చూశాక అనలేకపోయింది.

ఆ లెన్సు మామూలువాటి కంటే పొట్టి. దూరపు బొమ్మ స్పష్టం కావాలంటే దాని వెనక భాగం కెమెరా నోట్లోకి బాగా దిగాలి. లోపల, ఫోటో తీసే క్షణంలో తెరుచుకుని మూసుకునే షట్టరు ఉంటుంది. ఉల్లిపొరల్లాంటి రెక్కలు, వేలు తగిలితే చాలు వంగిపోతాయి. లెన్సు షట్టరు దాకా పోకుండా ఆపడానికి గొట్టంలో ఒక రింగు వేయాలి. మూడు మిల్లీమీటర్ల మందం. అది ఉంటే లెన్సు అంచుకూ షట్టరుకూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ మిగులుతుంది. లేకపోతే అంచు వెళ్ళి రెక్కలకు గుద్దుకుంటుంది. అంతే తేడా.

లేతక్క ఆ రింగు రెండుసార్లు చేసింది. మొదటిది చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆడి పల్చబడింది, రెండు పాయింటు నాలుగు వచ్చింది. దాన్ని పక్కన పడేసి రెండోది చేసింది. అది సరిగ్గా మూడు. శనివారం సాయంత్రం ఇస్తానని మాట. ఆ అమ్మాయి మధ్యాహ్నానికే వచ్చేసింది, బస్సు వేళ మారిందట. గొట్టాలన్నీ విప్పి బల్ల మీద ఉన్నాయి. ఆమె పక్కనే నిలబడి గడియారం చూసుకుంటుంటే లేతక్క మరలకు గ్రీజు రాసి, ఒక్కొక్కటే బిగించింది. మామూలుగా ఏ లెన్సయినా ఇచ్చేముందు గుమ్మంలో నిలబడి, దూరంగా కనిపించే నీళ్ళ ట్యాంకు వైపు తిప్పి చూస్తుంది. ఆ రోజు చినుకులు పడుతున్నాయి, ట్యాంకు కనబడలేదు. బల్లకు అవతల నిలబడి ఆ అమ్మాయి లేతక్క ముఖాన్నే ఒక ఫోటో తీసి చూసుకుంది. బ్రహ్మాండంగా వచ్చిందక్కా అని సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి లేతక్క బల్ల తుడుస్తోంది. గ్రీజు డబ్బా ఎత్తితే కింద ఇత్తడి రింగు ఒకటి అంటుకుని ఉంది.

మొదట ఏమీ అనిపించలేదట. పల్చటిదే అయ్యుంటుందిలే అని ఇత్తడి రజను వేసే డబ్బాలో వేయబోయి, అలవాటు కొద్దీ వెర్నియరుతో కొలిచింది. మూడు. తుడిచి మళ్ళీ కొలిచింది. మూడే.  మంచి రింగు ఇక్కడుంటే లెన్సులో ఉన్నది ఏది? తొందరలో పల్చటిది వేసిందా? వేసుంటే పాయింటు నాలుగు మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది, నాలుగు కాగితాల మందం, గండం గడుస్తుంది. అసలు ఏదీ వేయలేదా? కళ్ళు మూసుకుని నిన్నటి మధ్యాహ్నాన్ని మళ్ళీ నడిపించి చూసుకుంది. గ్రీజు రాయడం గుర్తుంది. చివరి గొట్టం బిగించడం గుర్తుంది. మధ్యలో రింగు పట్టుకున్న చెయ్యి గుర్తుకు రాలేదు. ఎంత గుర్తు తెచ్చుకోబోతే అంత అది కల్పించుకున్నట్టే తోచింది.

పల్చటి రింగు దొరికితే తేలిపోతుంది. బల్ల కింద, మిషను పళ్ళెంలో, మూలల్లో వెతికింది. రజను డబ్బా ఖాళీగా ఉంది. నిన్న సాయంత్రమే పాత ఇత్తడి కొనేవాడు వచ్చి మొత్తం గోనెలో పోసుకుని పోయాడు. అందులో రింగు ఉందో లేదో ఇక దేవుడికే ఎరుక.

ఫోను చేసింది. ఆ అమ్మాయి ఫోను అందుబాటులో లేదు. పది నిమిషాల్లో పదిహేనుసార్లు చేసింది. పత్రికాఫీసు నంబరు కూడా ఉంది ఆమె దగ్గర. దాని మీద వేలు పెట్టి ఆగిపోయింది. అక్కడికి ఫోను చేస్తే, కెమెరాకు బయటి లెన్సు తగిలించిన సంగతి తానే బయటపెట్టినట్టవుతుంది. ఏమీ జరక్కుండానే పిల్ల ఉద్యోగానికి ఎసరు. చెయ్యకపోతే ఏమవుతుందో. కాలు కాలిన పిల్లిలా దుకాణంలో తిరగడం నా కొట్లోంచి నాకే కనబడింది. తాళం గురించేమో అనుకున్నాను.

ఇంటికి పరుగెత్తి వాళ్ళాయనకు చెప్పింది. ఆయన అప్పుడే గడ్డం గీసుకుంటున్నాడు. సగం నురుగుతోనే అంతా విన్నాడు. మామూలుగా అయితే ఏదో ఒక హాస్యమాడి పంపించేవాడు. ఆ రోజు ఆడలేదు.

"ఇది తాళం లాంటి భయమా, వేరేదా?" అని అడిగాడు.

"నాకే తెలియడం లేదండీ. రెండూ ఒకేలా ఉంటాయి లోపల."

"వెర్నియర్ ఏమంది?"

"మూడు."

"నీకు అనుమానం జాస్తి గానీ, వెర్నియర్‌కి లేదు కదా. బయల్దేరు. నేను ఫోను చేస్తూనే ఉంటాను, కలిస్తే చెప్తాను."

ఆ రింగును రుమాల్లో కట్టి పర్సులో వేసుకుని, తొమ్మిదిన్నర బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా ముందు కడ్డీ పట్టుకుని ముందుకు వంగే కూర్చుంది, తాను తోస్తేగానీ బస్సు కదలదన్నట్టు. బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి ఎవరితోనో నింపాదిగా కబుర్లు చెప్పాడు. పక్కనున్న పెద్దావిడ, ఎవరికైనా ఒంట్లో బాగోలేదామ్మా అని అడిగింది. లేదండీ, ఒక రింగు మరిచిపోయాను అంది లేతక్క. పెద్దావిడ ఆమె వేళ్ళ వైపు చూసి, పోతే పోయిందిలే తల్లీ, మనిషికంటే బంగారం ఎక్కువా అని ఓదార్చింది. లేతక్క కాదనలేక తలూపింది.

దారంతా లెక్కలే. ముఖాలు తీస్తానంది కదా, ముఖాలన్నీ దగ్గరే, లెన్సు బయటికే ఉంటుంది, ప్రమాదం లేదు. కానీ నదన్నాక దూరం చూడకుండా ఉంటుందా? వంతెన ఉంది, అవతలి గట్టు ఉంది. ఒక్కసారి చివరిదాకా తిప్పిందంటే చాలు. పోనీ పల్చటి రింగే వేసి ఉంటాను. వేసే ఉంటాను. అంత మతిమాలినదాన్నా? ఇలా ఒక ఊరికి ధైర్యం, మరో ఊరికి భయం. రెండుసార్లు వాళ్ళాయన ఫోను చేశాడు. మోగినప్పుడల్లా పై ప్రాణాలు పైనే. రెండుసార్లూ ఆయన చెప్పింది ఒకటే, ఇంకా కలవలేదు.

పన్నెండు దాటాక రేవు చేరింది. నిన్నటి మబ్బు విడిచిపోయి ఎండ కాస్తోంది. ఆఖరి రోజు కావడంతో గట్టున జనం బాగానే ఉన్నారు. కొత్త వంతెన తెల్లగా, ఖాళీగా నది మీద నిలబడి ఉంది. లాంచి నది మధ్యలో ఉంది, అటువైపు పోతోంది. వెనక భాగంలో, రైలింగుకు ఆనుకుని, నీలం చొక్కాలో ఒకరు ఉన్నారు, మెడలోని కెమెరాను బట్టి ఆ అమ్మాయేనని పోల్చుకుంది. ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నారు, ఆమె వంగి ఫోటో తీస్తోంది. దగ్గరివే, దగ్గరివే తీస్తోంది. లేతక్కకు కాస్త ఊపిరాడింది.

టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఒకాయన ఉన్నాడు. లాంచి అవతలి గట్టుకెళ్ళి తిరిగి రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నాడు. ఫోన్లు నది మీద పనిచేయవన్నాడు. ఆయన పక్కన మైకు ఉంది. రేవు మాటలు లాంచి దాకా వినబడేలా స్తంభానికి రెండు పెద్ద లౌడ్‌స్పీకర్లు కట్టి ఉన్నాయి. లేతక్క బతిమాలింది. లాంచిలో ఉన్న ఫోటోలమ్మాయికి ఒక్క మాట చెప్పండి, లెన్సును దూరం వైపు ఆఖరిదాకా తిప్పొద్దని, తిప్పితే కెమెరా పాడవుతుందని, నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని. టికెట్లాయన శ్రద్ధగానే విన్నాడు. లెన్సు, తిప్పడం, దూరం, ఇవన్నీ ఆయనకు ఎక్కినట్టు లేదు. మైకు నోటి దగ్గరికి తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

"లాంచిలో ఫోటోలు తీస్తున్న మేడమ్ గారికి విజ్ఞప్తి. మీ తాలూకువాళ్ళు వచ్చారు. గట్టు మీద ఉన్నారు. ఒకసారి ఇటు చూడగలరు."

 అది కాదండీ, అది కాదు అనే లోపల లాంచి మీద నీలం చొక్కా ఇటు తిరిగింది. ఇక మాటలతో కాదని లేతక్క నీళ్ళ అంచుదాకా పరుగెత్తింది. రెండు చేతులూ పైకెత్తి, వద్దు వద్దని అడ్డంగా ఊపింది. అంత దూరం నుంచి చూసేవాళ్ళకు అది వద్దన్నట్టు ఎందుకుంటుంది? ఆత్మీయులెవరో సంబరంగా చేతులూపుతున్నట్టే ఉంటుంది. ఆ అమ్మాయి కూడా చెయ్యెత్తి ఊపింది. తరువాత కెమెరా కంటి దగ్గరికి ఎత్తింది.

దగ్గరి ముఖం నుంచి దూరపు గట్టుకు రావాలంటే లెన్సును ఎటు తిప్పాలో లేతక్కకు తెలియనిదా? ఫోటోలు తీసేవాళ్ళు స్పష్టత వచ్చినచోట ఊరుకోరు, కాస్త దాటించి మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటారు. అదీ తెలుసు. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి లెన్సు మీద తిరుగుతోంది. తాను కనబడకపోతే ఆపుతుందేమోనని లేతక్క గభాలున చేతులు దించి అక్కడే గొంతుక్కూర్చుంది. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. గట్టున ఉన్నవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోయిందనుకుని నీళ్ళు తెచ్చారు.

తల ఎత్తి చూసేసరికి ఆ అమ్మాయి కెమెరాను ఒళ్ళో పెట్టుకుని దాని మీదికి వంగి ఉంది. లాంచి అవతలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఇవతలికి వచ్చేదాకా లేతక్క రేవు మెట్ల మీద కూర్చుంది. జీవితంలో అంత పొడుగు అరగంట చూడలేదంది నాతో.

లాంచి రేవుకు తగలగానే ఆ అమ్మాయి అందరికంటే ముందు దిగింది. 

"అక్కా, మిమ్మల్ని తీద్దామని తిప్పాను. లోపల టక్కుమంది. ఆ తరువాత తెరంతా నలుపు. నేనే గట్టిగా తిప్పేశానేమో."

ఇక్కడ లేతక్క చెప్పిన సంగతి నాకు వింతగా అనిపించింది. పొద్దుట్నుంచీ ఆడిన గుండె ఆ మాటతో ఆగినట్టయిందట.  ఇక జరగబోయేదంటూ ఏమీ లేదు, జరిగిపోయింది. పద, కూర్చుందాం అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. గాలికి దుమ్ము రేగుతోందని చూసి, లాంచి నడిపే సరంగు వాళ్ళను పైన చక్రం ఉండే గదిలోకి రమ్మని పిలిచి తలుపు వేశాడు. ఆయన అరవై దాటిన మనిషి. పొద్దుట్నుంచీ తనను కూర్చోబెట్టి తీసిన ఫోటోలన్నీ పోయాయేమోనని ఆయన భయం ఆయనది.

లేతక్క లెన్సు ఊడదీసి, గొట్టం విప్పి చూసింది. రింగు లేదు. పల్చటిదీ లేదు. కెమెరా లోపల ఒక రెక్క దారి తప్పి అడ్డంగా వేలాడుతోంది. రుమాలు విప్పి మూడు మిల్లీమీటర్ల రింగును ఆ అమ్మాయి అరచేతిలో పెట్టింది.

"నువ్వు తిప్పడంలో తప్పేం లేదు. ఇది ఉండాల్సిన చోట లేదు. నేను పెట్టలేదు."

ఆ అమ్మాయి దాన్ని కాసేపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. కెమెరాలోంచి కార్డు తీసి తన దగ్గరున్న చిన్న యంత్రంలో పెట్టి చూసుకుంది. ముఖాలన్నీ భద్రంగా ఉన్నాయి, చివరిది ఒక్కటి సగం నల్లగా ఉంది. సరంగు తన బొమ్మను చూసి మీసం సర్దుకుని, నా వెనక నది ఇట్లా తిరుగుతుందని నాకే తెలియదమ్మా అన్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. చిమటాతో ఆ రెక్కను మళ్ళీ దారిలో పెట్టలేరా అక్కా అని. పెట్టగలనేమో. పెట్టి ఉంటే ఎవరికీ తెలియకపోయేదేమో కూడా. లేతక్క కెమెరాను వెలుతురు కేసి వంచి చూసి, మూత బిగించేసింది.

"నాది ఇత్తడి చేసే చెయ్యి తల్లీ. దీన్ని ముట్టుకుంటే ఉన్నది కూడా పోతుంది."

"అయితే ఆఫీసులో… దానంతటదే ఆగిపోయిందని చెప్తాను."

"విప్పినవాడికి లోపల అంచు గుద్దుకున్న గీత కనబడుతుంది. అబద్ధం నీ మీద పడుతుంది. రేపు పొద్దున నేను కూడా వస్తాను."

మర్నాడు పదింటికి ఆమె చేతులు రెండుసార్లు కడుక్కుని, మంచి చీర కట్టుకుని దుకాణం తియ్యకుండానే వెళ్ళడం చూశాను. పత్రికాఫీసులో ఫోటోల విభాగానికి పెద్ద ఒకాయన. గది నిండా విరిగిన కెమెరా స్టాండ్లు, తీగలు. మెట్లెక్కేటప్పుడు లేతక్కకు పోయిన భయమంతా తిరిగొచ్చింది. అయినా ఆయన ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. రింగు చూపించింది. మందం చెప్పింది. ఆయన ఆ అమ్మాయి వైపు ఒకసారి, లెన్సు వైపు ఒకసారి చూసి, మీరింత దూరం రావడమెందుకమ్మా, ఫోన్లో చెప్పొచ్చుగా అన్నాడు.

"ఫోన్లో అయితే మొత్తం ఈ అమ్మాయినే తిడతారు. నేను ఎదురుగా ఉంటే కాస్త నాకూ పంచుతారని వచ్చాను."

ఆయన నవ్వలేదు. కానీ తిట్లు నిజంగానే తగ్గాయని ఆ అమ్మాయి తరువాత చెప్పింది. ఆఫీసు కెమెరా మీద బయటి లెన్సు పెట్టినందుకు ఆమెను నెల రోజులు బయటికి పంపకుండా, బల్ల దగ్గర ఫోటోల కింద మాటలు రాసే పనిలో కూర్చోబెట్టారు. కెమెరా బాగుకు వెళ్ళింది, షట్టరు మొత్తం మార్చాల్సి వచ్చింది. తన వంతుగా ఏం చెయ్యమంటారని లేతక్క అడిగితే, పెద్దాయన మూలనున్న స్టాండ్ల వైపు చూపించాడు. పదకొండు స్టాండ్లు. కాళ్ళు జారేవి, తలలు ఊగేవి. ఆమె వాటిని ఆటోలో వేసుకొచ్చి, ఇరవై రోజులు మిగతా పని పక్కన పెట్టి, ఒక్కొక్కదానికి అరిగినచోట కొత్త ఇత్తడి బుష్షులు, కొత్త మరలు వేసింది. ఆ రోజుల్లో ఆమెతో మాట్లాడాలంటే నాకే జంకుగా ఉండేది. చేసిన ప్రతిదాన్నీ నేల మీద నిలబెట్టి, చుట్టూ తిరిగి, ఊపి, కూర్చుని, లేచి చూసేది. వేసిన మరను విప్పి మళ్ళీ వేసేది. అన్నం తినేటప్పుడు కూడా ఏదో లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలేవట. కళ్ళద్దాలాయన ఒకరోజు నా కొట్టుకొచ్చి కూర్చుని, ఈవిడకు పెట్టడానికి కళ్ళజోడు లేదురా, చూపు బాగానే ఉంది, కనిపించేదే ఎక్కువ అన్నాడు. నవ్వుతూ అనలేదు ఆ మాట.

వంతెన తెరిచిన రోజు అన్ని పత్రికల్లోనూ వంతెన ఉంది. ఈ పత్రికలో లోపలి పేజీ నిండా సరంగు ముఖం ఉంది. ముడతలూ, తెల్ల మీసం, కళ్ళ కింద నీడ, వెనక నది సుడి తిరుగుతూ. కింద మాటలు కూడా ఆ అమ్మాయివే. లెన్సు ఎవరు చేశారన్నది అందులో రాయలేదు. రాయొద్దని లేతక్కే చెప్పింది. రాస్తే జనం వస్తారు, అందరివీ గుర్తుపెట్టుకోవాలి అంది. నేను ఆ పేజీ కాపీ తీసి ఇస్తే మడతపెట్టి సొరుగులో వేసుకుంది.

తరువాత రెండు నెలల పాటు లెన్సు పని ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళకు పంపుల సామాను మాత్రమే చేస్తానని చెప్పి పంపేసింది. మూడో నెలలో ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి కెమెరా తన సొంతం, ఎవరో వాడి అమ్మేసిన పాతది. లెన్సు, కెమెరా రెండూ బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. తొందర లేదక్కా, మూడు రోజులు సెలవు పెట్టాను అంది.  లేతక్క లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడి ఆకాశం చూసింది. ట్యాంకు స్పష్టంగా కనబడుతోంది. మిషను స్విచ్చి వేసింది.

మొన్న మంగళవారం నేను చిల్లర కోసం వాళ్ళ దుకాణానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోను మోగింది. తెర మీద ఆ అమ్మాయి పేరు చూసి లేతక్క ముఖం పాలిపోయింది. రెండు రింగులు మోగాక ఎత్తి, ఏమైంది తల్లీ, ఏమైంది అంది. అవతలి మాట నాక్కూడా వినబడింది. ఏమీ కాలేదక్కా, సరంగు గారు తన ఫోటో ఇంకొంచెం పెద్దది కావాలంటున్నారు, గోడకు పెట్టుకుంటారట, మీ వీధిలో ఎవరైనా ఫ్రేము కట్టేవాళ్ళున్నారా? లేతక్క స్టూలు మీద కూర్చుని, చీర చెంగుతో మెడ తుడుచుకుంది. ఉన్నారు, కొలతలు పంపించు అంది.